నాలుగు పొట్లాలు, రెండు తూటాలు

నవంబరు పదిహేను మా ఊళ్ళో బడికి సెలవు, కొట్టుకి సెలవు, కాపురానికి కూడా దాదాపు సెలవే. జింకల వేట మొదలయ్యేది ఆరోజు. సరిగ్గా దానికి తొమ్మిది రోజుల ముందు నాకు మా ఆవిడ లోర్నా మీద అనుమానం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో నాకు అనుమానం రావడం అదే మొదలు అని చెప్పను. ఆధారాలతో సహా రావడం మాత్రం అదే మొదలు.

అసలు తగువు మా బావమరిది కర్టిస్‌తో. వాడి తుపాకీ సిక్స్ ఎం.ఎం. క్రీడ్‌మూర్ అనే కొత్త రకం తూటా పేలుస్తుంది. నాది మా నాన్న ఇచ్చిన తుపాకీ, టూ-ఫిఫ్టీ-సెవెన్ రాబర్ట్స్. ఆ తూటా పుట్టి తొంభై ఏళ్ళు దాటింది. రెండూ సన్న తూటాలే, రెండూ జింకని పడగొట్టేవే. ఆ సంగతి ఒప్పుకుంటే ఆదివారాలు మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి ఒప్పుకోలేదు.

"బావా, నాలుగొందల గజాల దగ్గర నీ రాబర్ట్స్ గుండు ఎంత కిందికి జారుతుందో తెలుసా?" అని వాడు ఫోను తీసి లెక్కలు చూపిస్తాడు. ఊళ్ళో వాడి పేరు కొలతల కర్టిస్. కాఫీలో చక్కెర వేసుకునే ముందు కూడా గాలి ఎటు వీస్తోందో చూసుకుంటాడని చెప్పుకుంటారు.

"మన అడవిలో నాలుగొందల గజాలు ఎక్కడున్నాయిరా? నలభై గజాల అవతల చెట్టు కనిపిస్తే అదృష్టం."

"ఉండకపోవచ్చు. ఉంటే?"

"నా తూటా మీ తాతలు వాడినది."

"అందుకే తాతలతో పాటు పోవాల్సింది, బావా."

ఇలా పదేళ్ళుగా సాగుతోంది. నష్టం ఏమీ లేదు. కానీ మొన్న నవంబరు ఆరున మా అత్తగారింట్లో ఆదివారం కాఫీ తాగుతుండగా ఆ మాట కాస్తా సెడార్ మంచె మీదికి వెళ్ళింది.

మా అత్తగారు హిల్మాకి ఎనభై నాలుగేళ్ళు. వేటాడే అడవి ఆవిడది. అందులో మూడు మంచెలున్నాయి. రోడ్డు మంచె మీద కూర్చుంటే పోస్టు బండి తప్ప ఏమీ కనిపించదు. బీవర్ మంచె ఎక్కేలోపు మోకాళ్ళ దాకా నీళ్ళు. సెడార్ చెట్ల మధ్యనున్న సెడార్ మంచె వేరు. బురదనేల దాటి వచ్చే జింకలన్నీ దాని ముందునుంచే పోవాలి. మా నాన్న చనిపోయిన ఏడాది మా మామగారు నన్ను అక్కడికి తీసుకెళ్ళి, నిచ్చెన పట్టుకుని, "ఎక్కరా అబ్బాయ్, ఇక ఇది నీది" అన్నారు. నాన్న తుపాకీ ఒళ్ళో పెట్టుకుని ఆ పొద్దున నేను ఏడ్చాను. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నాను. రెండేళ్ళ కిందట మామగారూ పోయారు. ఇప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేది అత్తగారే.

ఆరోజు కర్టిస్ "పాతకాలం తూటాకి మంచి మంచె ఎందుకమ్మా, దండగ" అన్నాడు. నేను ఊరుకోలేదు. వాడూ ఊరుకోలేదు. అత్తగారు చెవిలోంచి వినికిడి యంత్రం తీసి బల్ల మీద పెట్టారు. మేము అలిసిపోయాక మళ్ళీ పెట్టుకున్నారు.

"మీ ఇద్దరి పోయినేటి జింకల ముందు భుజాలు లోర్నా ఫ్రీజర్‌లోనే ఉన్నాయిగా?" అన్నారు.

ఉన్నాయి. వేట ముందురోజు అందరం ఆవిడ ఇంట్లో కలిసి పాత మాంసం వండుకుని తినేసి, కొత్తదానికి ఫ్రీజర్ ఖాళీ చేయడం మా ఆనవాయితీ. దానికోసం ఒక్కొక్కళ్ళ జింకవి రెండేసి ముందు భుజాలు అట్టేపెడతాం. అందరి మాంసమూ కోసేది, కాగితంలో చుట్టేది, టేపు మీద పేరు రాసి అంటించేది లోర్నానే. కర్టిస్ పొట్లాలు కూడా మా ఇంట్లోనే ఉంటాయి, ఎందుకంటే వాడి ఫ్రిజ్‌లో బీరుకి తప్ప చోటుండదు.

"పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం ఆ నాలుగు పొట్లాలూ నేనే విప్పుతాను" అన్నారు అత్తగారు. "సన్న తూటా దగ్గరనుంచి ఎముకకి తగిలితే భుజం అంతా నల్లగా రక్తం కట్టి కుక్కకి తప్ప పనికిరాదు. ఎవడి భుజాలు శుభ్రంగా ఉంటే సెడార్ మంచె వాడిది. నేనున్నంత కాలం వాడిదే. ఇక నోళ్ళు మూయండి."

నాకు సంతోషం వేసింది. పోయినేడు నా జింక నిలబడ్డ చోటే కూలింది. అంతకంటే శుభ్రమైన దెబ్బ ఏముంటుంది? దాన్ని కోసేటప్పుడు లోర్నా ఏదో గొణిగింది గానీ, నేను దాన్ని మెచ్చుకోలు కిందే తీసుకున్నాను.

దారిలో కారులో లోర్నా హీటరు పెంచింది. తర్వాత, "నువ్వేం భయపడకు, ఎల్డన్" అంది.

"నేనెందుకు భయపడతాను?"

"అదే, పడకు అంటున్నాను."

భయపడనివాడికి భయపడకు అని చెప్పేవాళ్ళకి లోపల ఏదో ఉన్నట్టే కదా. మీరే చెప్పండి.

బుధవారం నాడు ఆవిడ వంటింట్లో ఫోన్లో మాట్లాడుతోంది. నేను వినాలని వినలేదు. తలుపు వెనకాల నిలబడ్డాను, వినిపించింది.

"సరే, వారానికి నాలుగు. ఉల్లిపాయ లేకుండా. నువ్వు మాత్రం ఆయన ముందు నోరు విప్పకు, కర్టిస్."

నేను లోపలికి రాగానే ఫోను పెట్టేసింది.

"ఎవరు?"

"తప్పు నంబరు."

"తప్పు నంబరువాళ్ళకి ఉల్లిపాయ పడదా?"

"చాలామందికి పడదు" అని వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

గురువారం ఆవిడ కింది గదిలోంచి మెట్లెక్కి వస్తోంది. ఆ గదిలోనే మా పెద్ద ఫ్రీజర్ ఉంది. చేతుల మీద మంచు పొడి. చెవి వెనకాల నల్ల పెన్ను. చంకలో టేపు చుట్ట.

"ఏం చేస్తున్నావు కింద?"

"బఠాణీలు ఎన్నున్నాయో చూశాను."

"ఎన్నున్నాయి?"

"బఠాణీలు ఎన్నని లెక్కపెడతారు ఎల్డన్ ఎవరైనా?"

ఇరవై ఏళ్ళు ఒకే మంచం మీద పడుకున్నా, ముప్పై ఏళ్ళు పడుకున్నా, రక్తం రక్తమే. తమ్ముడు తమ్ముడే. మొగుడు పరాయివాడే. ఆ రాత్రి మాంసం కూరి కజ్జికాయలా మడిచి కాల్చిన పాస్టీ పెడితే లోపల మాంసం ఉందో లేదోనని విప్పి చూసి తిన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం లోర్నా చర్చిలో ఆడవాళ్ళ కుట్టుపనికి వెళ్ళింది. నేను చేతిదీపం తీసుకుని కిందికి దిగాను.

ఫ్రీజర్ తెరిచి ఒక్కో పొట్లమూ పరిశోధించాను. చేపలు, బ్లూబెర్రీలు, కీమా, అన్నిటి మీదా టేపు ఏడాదిగా మంచు తిని తెల్లబడి, అంచులు లేచిపోయి ఉంది. ఆ నాలుగు భుజాల పొట్లాల మీద మాత్రం టేపు పసుపుపచ్చగా కొత్తగా మెరుస్తోంది. రెండిటి మీద ఎల్డన్, రెండిటి మీద కర్టిస్. చెత్తబుట్ట తిరగేస్తే ఉండలా నలిపేసిన పాత టేపు దొరికింది. దానికి కాగితం పీచు కూడా అంటుకుని ఉంది.

అంటే పేర్లు మార్చేసింది. నా శుభ్రమైన భుజాల మీద తమ్ముడి పేరు రాసింది. వాడి చితికిపోయిన భుజాల మీద నా పేరు రాసింది. అందుకు ప్రతిఫలంగా వాడు వారానికి నాలుగు ఏవో ఇస్తాడన్నమాట, ఉల్లిపాయ లేనివి.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంచె పోతే పోయింది. మామగారు నిచ్చెన పట్టుకుని ఎక్కించిన మంచె దగ్గర మామగారి కూతురే నా కాళ్ళ కింది నిచ్చెన లాగేస్తే ఎలా ఉంటుందో మీకు అర్థమవుతుందా?

నేను మోసం చేయదలుచుకోలేదు. న్యాయం చేయదలుచుకున్నాను. టేపులు ఒలిచి వీటివి వాటికి, వాటివి వీటికి అంటిస్తే అంతా మొదటికి వస్తుంది. అయిదు నిమిషాల పని.

గడ్డకట్టిన కాగితం మీదినుంచి టేపు రాలేదు. గోరు విరిగింది. పళ్ళతో లాగితే పెదవి పొట్లానికి అతుక్కుపోయింది. ఊదుకుని ఊదుకుని విడిపించుకున్నాక వేడి పెట్టాలని తట్టింది. పైనుంచి లోర్నా ఇస్త్రీ పెట్టె తెచ్చాను. దానితో ఒక్కో టేపునీ కాస్త కాచాను. కరిగిన వెన్నలాగా జారి వచ్చేశాయి. మళ్ళీ అంటుకోవడానికి మాత్రం మొండికేశాయి. కాగితం తుడిచి, ఆరబెట్టి, ఇస్త్రీ పెట్టెతో గట్టిగా నొక్కాల్సి వచ్చింది. చివరి పొట్లం ఫ్రీజర్‌లో పెట్టి మూత వేసేసరికి పైన కారు ఆగిన చప్పుడైంది.

మెట్లెక్కి పరిగెత్తి ఇస్త్రీ పెట్టెని బల్ల మీద పెట్టానో లేదో లోర్నా లోపలికి వచ్చింది. దాని మీద చెయ్యి పెట్టి చూసింది.

"వేడిగా ఉందేం?"

"చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను."

ఆవిడ సంచీ కింద పెట్టింది. కోటు విప్పలేదు.

"చొక్కా."

"అవును."

"నీ చొక్కా నువ్వు ఇస్త్రీ చేసుకున్నావు."

"చేసుకోకూడదా?"

"మన పెళ్ళినాడు కూడా చేసుకోలేదు. ఎవరామె?"

అనుమానం నాది. సాక్ష్యం నాది. ఇప్పుడు బోనులో నిలబడింది కూడా నేనే.

"ఎవరూ లేరు."

"మరి ఆ పెదవికి ఏమైంది?"

చేత్తో తడుముకున్నాను. వాచి ఉంది. ఫ్రీజర్ కొరికిందని చెప్పలేను కదా. "చలి" అన్నాను.

"చలి ఒక పెదవికే వేసిందా?"

ఇక అబద్ధం నిలబెట్టుకోవడానికి నిజంగానే ఒక చొక్కా ఇస్త్రీ చేశాను. ఇస్త్రీ పెట్టెకి అంటిన టేపు జిగురు, పెన్ను సిరా జేబు మీద నల్లగా అతుక్కున్నాయి. శనివారం నుంచీ ఆ చొక్కాతోనే తిరిగాను. లోర్నా నా వెనకాల నుంచి రెండుసార్లు వాసన చూసింది.

"కాఫీ హోటల్లో కొత్తగా చేరిన ఆమె పేరేంటి?"

"డోరిస్. డెబ్బై రెండేళ్ళు."

"పేరూ వయసూ వెంటనే వచ్చాయే."

ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఇద్దరు పోలీసులున్నారు, దొంగ లేడు. ఒకరి ప్లేటు ఒకరం చూసుకుంటూ తిన్నాం. నేను మెలకువగా ఉన్నానో లేదో ఆవిడ చూసేది, ఆవిడ చూస్తోందో లేదో నేను చూసేవాణ్ణి.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం అత్తగారింట్లో నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. మంచు విడిచిన నాలుగు పొట్లాలూ బల్ల మధ్యలో ఉన్నాయి. అత్తగారు కత్తి తీసుకున్నారు. లోర్నా నన్ను చూసి చిన్నగా నవ్వింది. పాపం చేసి నవ్వే గుండె ఎంత గట్టిదో అనుకున్నాను. నేనూ నవ్వాను. పెదవి నొప్పెట్టింది.

"ముందు కర్టిస్‌వి" అని అత్తగారు కోశారు.

గులాబీ రంగులో శుభ్రమైన మాంసం. రెండో పొట్లం కూడా అంతే. ఒక్క చోటయినా నల్లబడలేదు.

కర్టిస్ గెలిచినవాడిలా లేడు. తెల్లబోయి అక్క వంక చూశాడు. ఫోర్కులు సర్దుతున్న లోర్నా చెయ్యి ఆగిపోయింది. నాకు ఏదో తేడా కొడుతోందని అప్పటికి అనిపించింది.

"ఇప్పుడు ఎల్డన్‌వి."

పొట్లం విప్పగానే అత్తగారు కుర్చీ వెనక్కి జరిపారు. ఊదా రంగు ముద్ద. అందులో ఎముక చెక్కలు. రెండో దాంట్లో మాంసం ఏదో వెంట్రుకలేవో తెలియలేదు.

"దీన్ని నువ్వు కొట్టావా, రైలు కొట్టిందా?" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఆ క్షణంలో కూర్చుని ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

"అత్తయ్యా, ఇది మోసం. పొట్లాల మీద పేర్లు మార్చారు."

"ఎవరు?"

"మీ అమ్మాయి. గురువారం మార్చింది. కొత్త టేపు నా కళ్ళతో చూశాను."

అత్తగారు కూతురి వైపు తిరిగారు. "మార్చావా?"

లోర్నా తల ఊపింది.

"అయితే ఇవి ఎల్డన్‌వి కావు, కర్టిస్‌వి" అన్నారు అత్తగారు మెల్లగా.

"కావు" అన్నాను. అని, నిజం చెప్పడం అలవాటున్నవాణ్ణి కాబట్టి, "అంటే, శుక్రవారం నేను మళ్ళీ మార్చేశాను లెండి" అన్నాను.

అత్తగారు వినికిడి యంత్రం సర్దుకున్నారు. కత్తి మొనతో ఒక పొట్లం మీంచి ఇంకో పొట్లం మీదికి చూపిస్తూ చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు.

"అది మార్చింది. నువ్వు మళ్ళీ మార్చావు. అయితే ఏ పేరు రాసుందో ఆ మాంసం వాడిదే కదా, అబ్బాయ్."

నేను కూర్చున్నాను. తల కొట్టేసినట్టయింది.

"నీ కోసమే మార్చాను, మహానుభావా" అంది లోర్నా. "ఆ ముద్ద అమ్మ చూస్తే మంచె పోతుందని. నాన్న ఎక్కించిన చోటు నీకు పోకూడదని. వీణ్ణి కూడా బతిమాలుకున్నాను."

"వారానికి నాలుగు పాస్టీలు" అన్నాడు కర్టిస్. "ఉల్లిపాయ లేకుండా. నాకు ఆ మంచె ఎలాగూ వద్దు బావా, అక్కడ ఫోనుకి సిగ్నల్ రాదు. పాస్టీల కోసం క్రీడ్‌మూర్ పరువు తీసుకోవడానికి సిద్ధపడ్డాను. ఆ మాట ఇంకా ఉన్నట్టేనా, అక్కా?"

లోర్నా వాడి మాట వినలేదు. నా చొక్కా జేబు మీది నల్లమరక వంక చూస్తోంది.

"ఇస్త్రీ పెట్టెతో టేపులు ఒలిచావా?"

"అవును."

"డోరిస్ కాదన్నమాట."

"డోరిస్ ఎప్పుడూ కాదు."

ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందనుకుని భుజం మీద చెయ్యి వేశాను. నవ్వుతోంది.

అత్తగారు మాత్రం నవ్వలేదు. "ఒక్క సంగతి చెప్పవే. ఇన్నేళ్ళుగా ఈ బల్ల మీద ఎల్డన్ పేరు రాసున్న భుజాలు నేను తింటున్నాను. ఒక్కసారి కూడా ఇలా లేవు. పోయినేడే వీడికి చెయ్యి పోయిందా?"

లోర్నా నవ్వు ఆపేసింది. నన్ను చూడకుండా చెప్పింది.

"అవి నావమ్మా. ఏటా నా జింక భుజాల మీద ఈయన పేరు రాసేదాన్ని. పోయినేడు మోకాలికి ఆపరేషన్ అయి నేను అడవికి రాలేదు కదా. రాయడానికి నా జింకే లేదు."

పంతొమ్మిదేళ్ళ రాబర్ట్స్ కీర్తి ఒక్కసారిగా నా మీద కూలింది. కాఫీ హోటల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నాను, నా భుజాలు చూడండి, ఒక్క మరక లేదు, పాత తూటా మహిమ అని. లోర్నా పక్కనే కూర్చుని కాఫీ తాగేది. ఆవిడ తుపాకీది టూ-ఫార్టీ-త్రీ తూటా. మా తగువులో ఆ తూటా పేరు నేనూ కర్టిసూ ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు సిగ్గేసింది.

"మరి ఏటా పనికిరావని నువ్వు నా కుక్కకి పెట్టినవన్నీ?" అన్నారు అత్తగారు.

"ఈయనవి" అంది లోర్నా.

"అందుకే అది ఈ అబ్బాయిని చూస్తే అంత తోక ఊపుతుంది." అత్తగారు కత్తి కింద పెట్టారు. "మంచె లోర్నాది. ఎల్డన్‌కి రోడ్డు మంచె. పొద్దున వండిన కీమా కూర వడ్డించండి, చల్లారిపోతోంది."

పదిహేనో తారీఖు తెల్లవారగానే సెడార్ మంచె దాకా లోర్నాతో నడిచాను. జింకలకి వేసే క్యారెట్ల బస్తా నేను మోశాను. ఆవిడ ఎక్కుతుంటే నిచ్చెన పట్టుకున్నాను. ఏదన్నా అనాలనుకున్నాను. "ఎక్కు, ఇక ఇది నీది" అన్నాను. అంతే వచ్చింది.

"నాకు తెలుసు. నువ్వెళ్ళు, చప్పుడు చేయకు" అంది.

రోడ్డు మంచె మీద నాకు పోస్టు బండి రెండుసార్లు కనిపించింది. తొమ్మిదింటికి సెడార్ల వైపునుంచి ఒకే ఒక్క పేలుడు వినిపించింది. వెళ్ళేసరికి జింక పడి ఉంది. గుండు భుజం వెనకాల, నాలుగు వేళ్ళ ఎడంలో, డొక్కలో దిగింది. భుజం ముట్టుకోలేదు.

"ఇది నీకెలా వచ్చు?" అన్నాను.

"ముప్పై ఏళ్ళుగా మాంసం కోస్తున్నాను కదా. ఎక్కడ కొట్టకూడదో నీ జింకల్లోనే నేర్చుకున్నాను."

"అయితే తప్పు రాబర్ట్స్‌ది కాదంటావు."

"పాపం, దాన్నెందుకంటావు" అంది.

నాలుగు రోజులు జింకని వేలాడదీశాక వంటింటి బల్ల మీద కోశాం. ఆవిడ కోస్తుంటే నేను చుట్టాను. ముందు భుజాలు రెండూ చుట్టడం అయ్యాక టేపూ పెన్నూ నా చేతికి ఇచ్చింది. రెండిటి మీదా నా శక్తి కొద్దీ గుండ్రంగా లోర్నా అని రాసి అంటించాను.

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ పేరు రెండుసార్లు చదివింది. తర్వాత ఒక్కో టేపు అంచునీ గోటితో కొంచెం లేపి, కింద ఇంకో టేపేమైనా ఉందేమో చూసింది.